ఎరుపు పోయే లోతు

పదకొండు కావస్తోంది. రాగి బానలో రంగునీళ్ళు మరగడం మొదలై పావుగంటైంది, అంచు చుట్టూ నురగ కడుతోంది, పొయ్యిలో సరుగుడు కట్టెలు చిటపటమంటున్నాయి, గణపతి రెండు వెదురు కర్రలు పట్టుకుని తనకు ఏమాత్రం చేతకాని పని ముందు నిలబడి అండమాన్ వెళ్ళాలా పాండిచ్చేరి వెళ్ళాలా అని ఆలోచిస్తున్నాడు. పెడనలో కలంకారీ అద్దకం చేసే ఇంట్లో పుట్టి ముప్ఫై ఆరేళ్ళొచ్చిన మనిషికి రంగు బాన దగ్గర నిలబడటం చేతకాదంటే వినేవాళ్ళు నవ్వుతారు. అందుకే అతను ఎవరికీ చెప్పలేదు. మామూలుగా అయితే ఇక్కడ అతని భార్య సుమ ఉంటుంది, ఆమె పక్కన ముప్ఫై ఏళ్ళుగా ఈ షెడ్డులోనే బట్ట ఉడకబెడుతున్న బాలస్వామి ఉంటాడు. బాలస్వామికి నిన్నటినుంచి జ్వరం. సుమ పొద్దున్నే గుడివాడ బస్సెక్కింది, వాళ్ళమ్మకి నిన్న కంట్లో శుక్లం తీశారు, ఇవాళ కట్టు విప్పుతారు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ చెప్పి వెళ్ళింది, "ఎంతండీ, గంట పని. పన్నెండు దుప్పట్లే కదా, కర్రతో తిప్పుతూ ఉండండి. దానిమ్మ గింజ రంగు రాగానే దించెయ్యండి. దాటిందో, తెల్లగా ఉండాల్సిన చోటు కూడా పట్టేస్తుంది." అతను అలాగే అన్నాడు. దానిమ్మ గింజ గురించి అతనికి తెలిసిందల్లా అది తియ్యగా, కొంచెం వగరుగా ఉంటుందని మాత్రమే.

జేబులో ఫోను మళ్ళీ గుర్రుమంది. తీసి చూడకుండానే అదెవరో తెలుసు. వైజాగ్‌లో తనకి స్కూబా డైవింగ్ నేర్పిన మురళీకృష్ణ, పొద్దున్నుంచి ఇది మూడోసారి. "గణపతి గారూ, పన్నెండులోపు తేల్చండి. పడవలవాళ్ళకి పేర్లు ఇచ్చెయ్యాలి." డైవింగ్ నేర్చుకున్నట్టు కొత్తగా కార్డు వచ్చినవాళ్ళని ఆయన వచ్చే నెలలో రెండు జట్లుగా తీసుకెళ్తున్నాడు, ఒక జట్టు అండమాన్‌కి, ఇంకోటి పాండిచ్చేరికి. మొదట్లో చాలా పేర్లు వినపడ్డాయి. లక్షద్వీప్ అన్నారు, పర్మిట్లూ గట్రా ఉంటాయని వదిలేశారు. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి అని ఒక దీవి ఉందన్నారు, పెడన నుంచి అక్కడికి వెళ్ళే దారి తలుచుకుంటేనే గణపతికి నడుం నొప్పి పుట్టింది. చివరికి రెండు మిగిలాయి. అండమాన్‌లో నీళ్ళు తేటగా ఉంటాయట, అయిదారు మీటర్ల లోతులోనే పగడపు దిబ్బలట, పెళ్ళిపందిట్లో పిల్లల్లా రంగురంగుల చేపలు అటూ ఇటూ పరుగులు తీస్తుంటాయట, కొత్తవాళ్ళకి అంతకన్నా మంచి చోటు లేదట. పాండిచ్చేరిలో నీళ్ళు కాస్త మసక, చూడాల్సినవన్నీ లోతున ఉంటాయి, కొత్త కార్డువాడు దిగగలిగినంత కిందకి, అంటే పద్దెనిమిది మీటర్ల దగ్గరికి వెళ్తే బండలూ వాటి చుట్టూ చేపల గుంపులూ కనపడతాయి. బుద్ధున్నవాడెవడైనా అండమానే అంటాడు. సుమ అప్పుడే అనేసింది కూడా. గణపతి మాత్రం వారం రోజులుగా రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అంటూ నెట్టుకొస్తున్నాడు. ఇక నెట్టడానికి గంట మిగిలింది.

కర్రతో ఒక దుప్పటి అంచు పైకెత్తి చూశాడు. తడిసిన బట్ట, ఆవిరి, మొదట అద్దిన నల్ల గీతలు స్పష్టంగానే ఉన్నాయి, ఆ గీతల మధ్య ఏదో ముదురుగా ఉంది. అది ఎరుపే అయివుండాలి, మరేదీ అక్కడ ఉండే అవకాశం లేదు కాబట్టి. అతనికి ఎరుపు కనపడదు. పుట్టుకతోనే అంత. నీలం దివ్యంగా కనపడుతుంది, పసుపు కనపడుతుంది, నలుపూ తెలుపూ చెప్పనక్కర్లేదు. ఎరుపు, ఆకుపచ్చ, ఇటుక రంగు, ఎండిన గడ్డి రంగు, ఇవన్నీ మాత్రం ఒక తల్లి కన్న బురద పిల్లల్లా ఉంటాయి, ఎవరు పెద్దో ఎవరు చిన్నో పక్కనున్నవాళ్ళు చెప్పాలి. ఈ సంగతి మొదట కనిపెట్టింది వాళ్ళమ్మ వెంకాయమ్మ. ఎనిమిదేళ్ళప్పుడు దివిసీమలో కోడూరు మావయ్య ఇంటికి వెళ్ళినప్పుడు, పెరట్లో పండిన మిరపకాయలు కోసుకురమ్మని అత్తయ్య గిన్నె ఇచ్చింది. గిన్నె నిండా పచ్చివే తెచ్చాడు. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. సాయంత్రం వాడిని కాలవ గట్టుకి తీసుకెళ్ళి, రిబ్బన్ ముక్కలు రెండు ఒళ్ళో పెట్టుకుని ఇది ఏ రంగురా, ఇది ఏ రంగురా అని అడిగింది. రెండూ ఒకటే కదమ్మా అన్నాడు. ఆవిడ ఆ ముక్కలు మడిచి బొడ్లో దోపుకుంది. తర్వాత ఒకటే మాట. "ఎవరితోనూ అనకు నాయనా. మన ఇళ్ళల్లో ఇది కుంటితనం కంటే ఎక్కువ. రేపు నీకు పిల్లనెవరిస్తారు?" ఎనిమిదేళ్ళవాడికి పిల్లనివ్వడం మానేస్తారన్న బాధ పెద్దగా కలగలేదు. కానీ అమ్మ గొంతు విని భయం వేసింది. ఆ భయం మాత్రం చెడిపోకుండా ఇన్నేళ్ళూ అలాగే ఉంది.

పదిహేనేళ్ళప్పుడు దాదాపు దొరికిపోయాడు. కలంకారీలో ఎరుపు అద్దేటప్పుడు ఎర్రగా ఉండదు. ముందు బట్టని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు, అది లేత పసుపుగా తేలుతుంది. ఆ పసుపు మీద, ఎరుపు రావాల్సిన చోటల్లా అచ్చుతో పటిక జిగురు అద్దుతారు. పటికకి తనదంటూ రంగు లేదు, ఎంతవరకు అద్దామో కంటికి ఆనాలని అందులో చిటికెడు ఎర్రరంగు కలుపుతారు. ఆ చిటికెడు ఉతుకులో పోతుంది, పటిక మిగులుతుంది, బానలో ఉడికినప్పుడు పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఊళ్ళో అందరికీ ఆనే ఆ చిటికెడు అతనికి ఆనలేదు. నాన్న నాలుగు దుప్పట్లు ముందేసి, చిలకలకి ముక్కులు అద్దరా అని చిన్న అచ్చు చేతికిచ్చి భోజనానికి లేచాడు. గణపతి గుడ్డివాడు సద్ది మూట విప్పుకున్నట్టు తడుముకుంటూ అద్దాడు. ఎక్కడ అద్దాడో ఎక్కడ అద్దలేదో అతనికే తెలియదు. మర్నాడు బానలోంచి తీసి కాలవలో జాడించి గట్టున పరిస్తే, సగం చిలకలకి రెండేసి ముక్కులు, మిగతా సగానికి అసలు లేవు. ఆ తప్పు పెడనలోనే జరగాలి, మరో ఊళ్ళో జరిగే వీలు లేదు. నెల రోజులు వీధి వీధంతా నవ్వుకుంది. నాన్న కొట్టలేదు. "నీకు శ్రద్ధ లేదురా" అన్నాడు. శ్రద్ధ లేదనిపించుకోవడమే మేలని గణపతికి అప్పుడే అర్థమైంది. శ్రద్ధ లేనివాడికి పిల్లనిస్తారు.

అలా అతన్ని అచ్చుల దగ్గర్నుంచి అమ్మకాలకి మార్చారు. అక్కడ బాగానే రాణించాడు. ఢిల్లీ, భోపాల్, చెన్నై, ఎక్కడ ఎగ్జిబిషన్ పెడితే అక్కడికి బట్టల మూటలతో వెళ్ళేవాడు. మూడో అరలోవి ఎర్రవి, నాలుగో అరలోవి ఆకుపచ్చవి, రాత్రి ఎవరైనా సర్దితే పొద్దున కొంప మునిగేది, కాబట్టి తన చేత్తోనే సర్దుకునేవాడు. ఎవరైనా ఈ ఎరుపు ఇంకొంచెం ముదురులో ఉందా అనడిగితే, "మీరు చెప్పండి మేడం, దీనికంటే అదా, దానికంటే ఇదా?" అని వాళ్ళ చేతే ఏరించేవాడు. బేరం చేసేవాళ్ళకి తాము ఏరుకున్నామన్న తృప్తి. ఇతనికి గండం గడిచిన తృప్తి. బెజవాడలో సిగ్నల్ దగ్గర పైది వెలిగితే ఆగాలి, కిందది వెలిగితే కదలాలి. పండు కొనేటప్పుడు నొక్కి చూడాలి. ఎవరైనా రంగు గురించి మాట్లాడుతుంటే ముందు రెండో మనిషిని మాట్లాడనివ్వాలి. ఇవన్నీ అమ్మ నేర్పినవే. మూడేళ్ళ క్రితం ఆవిడ పోయింది. కర్మకాండలన్నీ అయ్యాక పదకొండో రోజు సాయంత్రం గణపతికి తట్టింది, ఇక ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో తనొక్కడే అని. ఏడుపు రాలేదు. రైల్లో పక్కసీటు మనిషి దిగిపోతే కాళ్ళు చాపుకుంటామే, అలా ఉంది. తర్వాత చాలా రోజులకి, ఏ కారణం లేకుండా, గుడ్లవల్లేరు దగ్గర బస్సులో ఏడుపొచ్చింది.

పొంగు ఒకటి లేచి అణిగింది. కట్టె ఒకటి వెనక్కి లాగాడు. చేతులు తమ పని తాము చేస్తున్నాయి, ఆ పనికి కళ్ళతో సంబంధం లేదు. నీళ్ళ కింద కూడా అంతే, మొదట చేతులకి అర్థమవుతుంది, తర్వాతే మనిషికి. డైవింగ్ అతను వెతుక్కుంటూ వెళ్ళింది కాదు. వైజాగ్ మేళాలో ఒక పొడుగాటి మనిషి రెండు చొక్కా గుడ్డలు కొని, మీరు ఎప్పుడూ సముద్రం లోపల చూశారా అనడిగాడు, అతనే మురళీకృష్ణ. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్తే సుమ నవ్వలేదు. "వెళ్ళి నేర్చుకోండి. మీకోసం మీరు ఒక్కటంటే ఒక్కటి చేసుకోరు," అంది. వెళ్ళాడు. మొదటిరోజే ఆరోగ్యం గురించి కాగితం ఇచ్చారు. గుండె జబ్బుందా, ఉబ్బసం ఉందా, చెవుల్లో చీము కారుతుందా, మూర్ఛ వస్తుందా, అన్నీ అడిగారు. గణపతి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఎరుపు కనపడుతుందా అని ఎక్కడా అడగలేదు. ఏ అబద్ధమూ ఆడకుండా సంతకం పెట్టడం అతనికి కొత్త.

నాలుగో రోజు పడవలో మురళీకృష్ణ ఒక ప్లాస్టిక్ బిళ్ళ తీసి, ఇది ఏ రంగు అన్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్ళిద్దరు, బ్యాంకులో పనిచేసే ఒకావిడ, ముగ్గురూ ఎరుపన్నారు. రెండో మనిషి అన్న తర్వాత గణపతి కూడా ఎరుపన్నాడు. పదిహేను మీటర్ల కింద, ఇసుక మీద మోకాళ్ళూని కూర్చున్నాక ఆయన అదే బిళ్ళ చూపించి రాసే పలక అందించాడు. కుర్రాడొకడు నలుపు అని రాశాడు. రెండోవాడు బూడిద అని రాశాడు. బ్యాంకావిడ ముందు ఎరుపు అని రాసి, మళ్ళీ చూసి, కొట్టేసి, నలుపు అని రాసింది. పలక గణపతి చేతికొచ్చింది. నలుపు. ఎవరి వంకా చూడకుండా, ఎవరు ముందంటారా అని ఆగకుండా రాశాడు. పైకొచ్చాక మురళీకృష్ణ చెప్పాడు, నీళ్ళు ముందుగా మింగేది ఎరుపునేనట, నాలుగైదు మీటర్లకే తగ్గడం మొదలవుతుందట, పది పన్నెండు దాటితే ఎవరికీ ఉండదట, రాజుకీ లేదు పేదకీ లేదు. కుర్రాళ్ళు అయ్యో అయ్యో అనుకున్నారు, ఫోటోల్లో చూసిన రంగులన్నీ లైటు వేసి తీసినవా అని దిగాలుపడ్డారు. గణపతి బిస్కెట్ తింటూ కూర్చున్నాడు. ముప్ఫై ఆరేళ్ళలో మొదటిసారి తనకి కనపడింది కనపడినట్టు చెప్తే, అది అందరి మాటా అయింది. అతనికి పట్టరానంత సంతోషం వేసింది. లోకంలో తనకీ ఒక చోటుంది, కాకపోతే అది పన్నెండు మీటర్ల కింద ఉంది, అంతే.

ఆ సంతోషం సంగతి సుమకి చెప్పలేదు. చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి. నీళ్ళు చల్లగా ఉన్నాయన్నాడు, చెవులు నొప్పెట్టాయన్నాడు. ఆమె ఫోనులో చేపల బొమ్మలు చూస్తూ కూర్చుంది. వాణిజ్యశాస్త్రం చదివి గుడివాడ నుంచి ఈ ఇంటికొచ్చిన పిల్ల, తొమ్మిదేళ్ళలో ఈ వీధిలో ఆమె కన్ను తర్వాతే ఎవరిదైనా అనిపించుకుంది. బాలస్వామి అంతటివాడు కూడా, అమ్మాయిగారిని ఒకసారి చూడమనండి అంటాడు. "చిలకలూ నెమళ్ళూ ఎన్నాళ్ళండీ? ఈ చేపల్ని అచ్చులు చెక్కిద్దాం. నేనూ వస్తాను, కార్డు లేనివాళ్ళని కూడా మాస్టారు చెయ్యి పట్టుకుని కాస్త దింపుతారట కదా. మీరు ఎక్కువసేపు ఉంటారు కాబట్టి ఏ చేపకి ఏ రంగో మీరే గుర్తుపెట్టుకోవాలి. పైకి రాగానే నాకు చెప్పాలి, నేను రాసుకుంటాను." అప్పటికప్పుడు ఒక నోటుపుస్తకం అట్ట మీద సముద్రం అని రాసింది కూడా. ఆమె అంత ఉత్సాహంగా మాట్లాడటం ఈ మధ్య కాలంలో అతను చూడలేదు. అండమాన్ అంటే అదీ. అయిదు మీటర్ల లోతు, తేట నీళ్ళు, పక్కన సుమ, అదిగో అదిగో అంటూ చెయ్యి చూపిస్తుంటుంది, ఇతను తల ఊపుతూ ఉండాలి. అబద్ధం ఆడనక్కర్లేని ఒక్క చోటు దొరికితే, అక్కడికి కూడా అబద్ధాన్ని సిలిండర్‌తో పాటు వీపున కట్టుకుని దిగాలి.

పాండిచ్చేరి అయితే ఆ బాధ లేదు. కానీ పాండిచ్చేరి ఎందుకో చెప్పాలి. విమానం పడదనొచ్చు, కానీ భోపాల్ నుంచి విమానంలోనే కదా వచ్చాడు. అండమాన్‌లో వానలనొచ్చు, సుమ రెండు నిమిషాల్లో వాతావరణం చూసి చెప్పేస్తుంది. దగ్గరనొచ్చు, అది నిజమే, కానీ ఆమె ఉత్సాహం ముందు అదొక కారణమా? మొన్న మచిలీపట్నం వెళ్ళినప్పుడు గిలకలదిండి హార్బర్‌లో ఎరిగిన సరంగుని ఊరికే అడిగాడు, ఏ సముద్రం మంచిదయ్యా అని. "చేపల్ని చూడ్డానికి ఎదురు డబ్బులిచ్చి మునుగుతారా బావా? పొద్దున్నే రండి, వేలంలో కావలసినన్ని చూపిస్తాం, ముట్టుకోవచ్చు కూడా," అని పడీపడీ నవ్వాడు. అతని వెనక ఐసు ముక్కల మీద పరిచిన చేపలన్నీ గణపతికి ఒకే రంగులో మెరిశాయి. కోడూరు మావయ్య దగ్గర రొయ్యల చెరువులో దింపి చూసే గుండ్రటి పలక ఒకటుంది, నలుపూ తెలుపూ ముక్కలుగా ఉంటుంది, తాడు కట్టి దింపి ఎంత లోతున కనపడకుండా పోతుందో చూసి నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్తాడు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆ పని గణపతికే ఇచ్చేవాడు. నీ కళ్ళు చురుకురా అనేవాడు. ఆ మాట అన్న మనిషి ఇప్పటికి ఆయనొక్కడే. రొయ్యల వ్యాపారంలో పుట్టివుంటే తనకి ఏ లోటూ లేకపోయేదని గణపతి చాలాసార్లు అనుకున్నాడు, అనుకుని, కలంకారీ వాసన లేని చోట తను బతకలేడనీ అనుకున్నాడు.

ఫోనులో ఇరవై నిమిషాలు తక్కువ పన్నెండు. బానలో పెట్టి గంట దగ్గర పడుతోంది. దుప్పటి అంచు ఎత్తాడు, దించాడు. ముదురుగా ఉంది, ఇందాకటికంటే ముదురా? ఏమో. ఫోటో తీసి సుమకి పంపొచ్చు, కానీ ఫోనులో రంగు నమ్మకూడదని ఆమే అందరికీ చెప్తుంది. ఇక మిగిలింది పాత ఉపాయమే. పక్కింటి ఖైరున్ బీ వరండాలో మిషను తొక్కుతూ కలంకారీ సంచులు కుడుతోంది. ఆవిడ యాభై దాటిన మనిషి, ఈ వీధిలో పుట్టి ఈ వీధిలోనే మెట్టింది.

"పిన్నీ, ఒక్కసారి ఇటు చూడండి. ఎలా వచ్చిందంటారు?"

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంటూ వచ్చింది. తొంగి చూసింది. "ఇంకా లేతగుంది నాయనా. రెండు పొంగులు రానీ."

రెండు పొంగులు రానిచ్చాడు. మళ్ళీ పిలిచాడు. "మీకెలా అనిపిస్తోంది పిన్నీ?" మళ్ళీ తొంగి చూసి, "మాషా అల్లా, దానిమ్మ గింజే. దించెయ్, దించెయ్," అంది. ఇద్దరూ చెరో కర్రతో దుప్పట్లు ఒక్కొక్కటీ తీసి పక్కనున్న గాబులో పడేశారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "సుమమ్మ లేకపోయినా నిలబెట్టావు. మీ నాన్న చూసుంటే సంతోషించేవాడు," అని వెళ్ళిపోయింది.

అయిపోయింది. ఎంత తేలిక! ఇలా ఇంకో ముప్ఫై ఏళ్ళు కూడా గడపొచ్చు, ఎవరికీ ఏ నష్టమూ లేదు. అండమాన్‌లోనూ ఇంతే, ఏ చేప చూసినా నీకెలా కనపడింది సుమా అని ముందు ఆమెనే అడగొచ్చు, ఆమె చెప్పిందే తిప్పి చెప్పొచ్చు, ఆమె తన పుస్తకంలో తన మాటలే రాసుకుంటుంది. గాబులోంచి ఆవిరి లేస్తోంది. మంచి మాట విన్న మనిషికి సంతోషం కలగాలి కదా అనుకున్నాడు. కలగలేదు. తన మీద తనకి రోతపుట్టింది. ఫోను మోగింది. సుమ.

"కట్టు విప్పారండీ, అమ్మకి బాగా కనపడుతోంది, గోడ మీద క్యాలెండర్ చదివేస్తోంది," అంది. వెనకాల ఎవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. "దించారా?"

"దించాను."

"ఎలా వచ్చింది రంగు?"

జవాబు నోట్లోనే ఉంది. దానిమ్మ గింజ. ఖైరున్ బీ చేతిలో పెట్టి వెళ్ళిన జవాబు, తప్పయ్యే భయం కూడా లేనిది. అనెయ్యడమే.

"తెలీదు," అన్నాడు.

"తెలీదంటే? చూళ్ళేదా?"

"చూశాను. నాకు ఎరుపు కనపడదు సుమా. పుట్టినప్పట్నుంచీ అంతే. అమ్మకొక్కదానికే తెలుసు." చెప్పడం మొదలుపెడితే ఎంతో సేపు పడుతుందనుకున్నాడు ఇన్నేళ్ళూ. నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఆగడానికి భయమేసి ఇంకా చెప్పాడు, ముక్కుల్లేని చిలకల గురించి, మూడో అర గురించి, పదిహేను మీటర్ల కింద పలక మీద రాసిన మాట గురించి, అండమాన్ ఎందుకు వద్దో. "దుప్పట్లు ఖైరున్ పిన్ని చూసి చెప్పింది. బాగానే వచ్చాయట."

"దుప్పట్ల సంగతి అడిగానా నేను?" అంది సుమ. అవతల నలభై రెండో నంబరు పిలిచారు, నలభై మూడు పిలిచారు. "పెళ్ళిచూపుల్లో నేనేం చీర కట్టుకున్నాను?"

"ఎర్రది."

"ఎలా తెలుసు?"

"గుమ్మంలోకి రాగానే అమ్మ చెవిలో చెప్పింది. ఎర్ర చీర కట్టుకుందిరా, బాగుందని ఒక మాట అను, అని."

"అన్నారు. మీకు ఎరుపు బాగా నప్పుతుందండీ అన్నారు. ఆ రోజు మీరు నాతో మాట్లాడింది అదొక్క మాటే." ఆమె గొంతు మామూలుగానే ఉంది, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "ఆ చీర మా పిన్నిది. నాకు ఎరుపంటే ఇష్టం లేదు. చిన్నప్పట్నుంచీ నాకు నీలం ఇష్టం. మీరన్నారని తొమ్మిదేళ్ళుగా ఎరుపే కొనుక్కుంటున్నాను. వెళ్ళి బీరువా తీసి చూడండి ఎన్ని ఉన్నాయో. చూసినా మీకేం తెలుస్తుందిలెండి." ఫోను పెట్టేసింది.

గణపతి పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లాడు. పొగ కళ్ళల్లోకి కొట్టింది. ముప్ఫై ఏళ్ళుగా తన ఒక్కడి గొడవే అనుకున్నాడు, దాన్ని ఇంకొకళ్ళు ఒంటి మీద కట్టుకుని తిరుగుతున్నారని ఏనాడూ తోచలేదు. సిగ్గేసింది. ఆమె ఇవాళ సాయంత్రం బస్సుకి వస్తుందో రాదో తెలియలేదు. వచ్చినా ఏ మొహంతో ఎదురుపడాలో తెలియలేదు. అయినా ఎక్కడో ఛాతీలో, మొదటిసారి నీళ్ళ కింద ఊపిరి పీల్చినప్పటిలా, గాలి ఆడుతోంది, అది కూడా నిజమే. గాబులో దుప్పట్లు ఊరికే పడి ఉన్నాయి. వాటిని కాలవకి మొయ్యాలి. మొయ్యలేదు. మురళీకృష్ణకి ఏదో ఒకటి చెప్పాలని ఫోను తీసి, అండమాన్ అని కొట్టి, చెరిపేసి, ఏ చోటూ వద్దు సార్ క్షమించండి అని కొట్టి, అది పంపకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

అయిదు నిమిషాలు తక్కువ పన్నెండుకి సుమ దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. ఒక్కటే వాక్యం.

"ఎంత లోతుకి వెళ్తే నాక్కూడా ఎరుపు పోతుంది?"

అతను దాన్ని చాలాసార్లు చదివాడు. తర్వాత వేళ్ళు తుడుచుకుని, తప్పుల్లేకుండా చూసుకుంటూ, నిదానంగా కొట్టాడు. పన్నెండు మీటర్లు. పాండిచ్చేరిలో.

"కార్డు లేనివాళ్ళని అంతవరకు దింపుతారా?"

దింపుతారు, అని రాశాడు.

"అయితే ఇద్దరి పేర్లూ ఇవ్వండి."